వల కన్నా ముందు టీకా



మన తీరంలో ఏటా సంక్రాంతి రోజుల నుంచి వేసవి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో ఇంచుమించు వంద గుడ్లుంటాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఈలోగా వీధికుక్కలు, నక్కలు వాసన పట్టి గూళ్లు తవ్వి గుడ్లు తినేస్తాయి. ఈ గూళ్లను కాపాడాలన్నా, ఊళ్లో పిల్లలను కుక్కకాటు నుంచి కాపాడాలన్నా కుక్కలకు ఆపరేషన్, టీకాలు చేయించాలి. అందుకు ముందు వాటిని పట్టాలి. అలాంటి పనికి మొదట ముందుకొచ్చేది మన యువకులే. వల విసరడం వచ్చినవారు గనుక కుక్కను పట్టడం ఎంతసేపు అనుకుంటారు.

పని మంచిదే. కాని ముందుగా రేబిస్ టీకా వేయించుకోని ఏ వాలంటీరునూ ఈ పనికి పంపకూడదని నా అభిప్రాయం.

కారణం చెబుతాను. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. నీళ్ల గ్లాసు చూసి వణికే రోగి పక్కన నిలబడిన ఏ నర్సూ ఆ దృశ్యాన్ని మరచిపోలేదు. ఈ జబ్బు కాటుతోనే కాదు, గోటి గీరుతో కూడా రావచ్చు. చర్మం చిట్లిన చోట కుక్క నాకినా రావచ్చు. తాళ్లు, వలలు లాగి చేతులు పగిలి ఉన్నవారికి ఇది మరీ ముఖ్యమైన సంగతి.

2025లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో ఒక రాష్ట్రస్థాయి కబడ్డీ ఆటగాడు మురుగు కాలువలో పడిన కుక్కపిల్లను పైకి తీశాడు. అది అతని వేలు కరిచింది. చిన్న గాటే కదా అని టీకా వేయించుకోలేదు. కొన్ని నెలల తర్వాత రేబిస్‌తో చనిపోయాడు. ఆ యువకుడు చేసింది మంచి పనే. దేహబలానికీ లోటు లేదు. లేనిది టీకా ఒక్కటే.

బొడ్డు చుట్టూ 14 సూదులు అన్న భయం పెద్దవారిలో ఇంకా ఉంది. ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు వేసేది చేతికే. కరవక ముందే వేయించుకునేవారికి మూడు మోతాదులు: మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. ఇలా వేయించుకున్నవారిని తర్వాత కుక్క కరిస్తే రెండు మోతాదులు (ఆ రోజు, 3వ రోజు) చాలు. గాయంలో ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ అవసరం ఉండదు. మూడు మోతాదులకు దాదాపు నెల పడుతుంది గనుక జనవరిలో పని మొదలయ్యేటట్టయితే డిసెంబరు మొదటి వారంలోనే తొలి సూది పడాలి. క్రిస్మస్ హడావుడిలో దీన్ని వాయిదా వేయకండి.

ఇక పని చేసేటప్పుడు ఇవి పాటించాలి:

• 18 ఏళ్లలోపు పిల్లలు ఈ పనిలో ఉండకూడదు. చూడటానికి కూడా గుమిగూడనివ్వకూడదు.
• ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. బూట్లు, నిండు ప్యాంటు, మందపాటి తోలు గ్లవ్స్ తప్పనిసరి.
• పిల్లలున్న తల్లికుక్కను, మూలకు చిక్కిన కుక్కను సమీపించవద్దు. చొంగ కారుస్తూ, తూలుతూ, కనబడినదల్లా కరిచే కుక్కను అసలే పట్టవద్దు. పశువైద్యునికి కబురు చేయాలి.
• సబ్బు, రెండు బిందెల నీళ్లు, ఒక వాహనం దగ్గర ఉండాలి. ఇమ్యునోగ్లోబులిన్ ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో ముందే కనుక్కోవాలి.

కుక్కలను పట్టి, ఆపరేషన్, టీకా చేయించి, పట్టిన చోటనే వదలాలన్నది 2023 నాటి నిబంధనల పద్ధతి. ఆ బాధ్యత పంచాయతీ, మున్సిపాలిటీలది, పట్టవలసింది శిక్షణ పొందినవారు. మన యువకులు వారికి సహాయకులే గాని వారి స్థానంలో పనిచేసేవారు కారు. నక్క సంగతి వేరు. అది అడవి జంతువు, దానికి మనం బోను పెట్టరాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో మన జిల్లా పాప వన్యమృగం దాడిలో చనిపోయినప్పుడు బోన్లు పెట్టి చిరుతలను పట్టింది అటవీ శాఖ వారే. అది వారి పని.

ఇంత జాగ్రత్త పడినా కాటు పడితే పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ పెట్టవద్దు. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గుడ్డతో బిగించి కట్టకుండా ఆ రోజే ఆసుపత్రికి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కుక్కకాటు టీకా ఉచితం. ముందుగా టీకా వేయించుకోనివారు ఇచ్చిన తేదీలన్నీ పూర్తి చేయాలి. రెండు సూదులతో మానేస్తే రక్షణ పూర్తికాదు.

అంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారని కొందరు అడగవచ్చు. పని అప్పగించినవారే పెట్టుకోవాలి. వలలకు, బ్యానర్లకు, భోజనాలకు డబ్బు సమకూర్చేవారు టీకాలకూ సమకూర్చాలి. అంత స్తోమత లేకపోతే కుక్కలను పట్టే పని మానుకుని గూళ్ల చుట్టూ కంచె కట్టే పని చేయించండి. దానివల్లా గుడ్లు నిలుస్తాయి.

సంఘ పెద్దలకు, తల్లిదండ్రులకు నా మనవి: మీ అబ్బాయి ఈ పనికి వెళ్తానంటే వద్దనకండి. టీకా కార్డు చూపించమని మాత్రం అడగండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్