మార్కప్ మారితే సరిపోదండీ

"వికీలో ఉన్న డాక్యుమెంటేషన్ అంతా మార్క్‌డౌన్‌లోకి మార్చేద్దాం. పాన్‌డాక్ ఉందిగా! శనివారం స్క్రిప్టు రాస్తే సోమవారానికి పనైపోతుంది." సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ మాట వినని వాళ్లు అరుదు. సగం నిజమే. మీడియావికీలో == మధ్య రాసిన హెడ్డింగు మార్క్‌డౌన్‌లో ## అవుతుంది, ''' మధ్య పెట్టిన బోల్డు  అవుతుంది. ఇదంతా యంత్రం చేసే పని. కొంప ముంచేది మిగతా సగం.

తెలుగు వికీపీడియానే చూడండి. 2003లో మొదలైంది, మీడియావికీ మీదే నడుస్తోంది. అందులో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పేజీల్ని మార్క్‌డౌన్‌లోకి మార్చాలనుకుందాం.

మొదటి చిక్కు లింకులు. ధర్మవరం పేరుతో ఊళ్లు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు వికీలో పేరు పక్కన బ్రాకెట్లో మండలం పేరు పెడతారు. మార్క్‌డౌన్‌లో లింకు అడ్రసు కూడా బ్రాకెట్లోనే రాయాలి. మధ్యలో ఖాళీ, లోపల ఇంకో బ్రాకెట్టు. ఇంకేముంది, హడావిడిగా రాసిన స్క్రిప్టు అక్కడే బోర్లా పడుతుంది. ఇక దారిమార్పులంటారా, హిందూపూర్ అని వెతికినవాణ్ణి హిందూపురం పేజీకి చేర్చే సదుపాయం మార్క్‌డౌన్‌లో అసలు లేదు. పెనుకొండకీ, గోదావరి జిల్లాల్లోని పెనుగొండకీ తేడా ఒక్క అక్షరమే. లింకు తప్పితే ఎక్కడికి పోతామో మీరే ఊహించుకోండి.

అసలు చిక్కు మూసలతో. పేజీలో కుడిపక్క కనిపించే సమాచార పెట్టెలో "జిల్లా = ..." అని ఒక గడి ఉంటుంది. మూస ఎలా పనిచేస్తుందన్నది వేరే పేజీలో ఉంటుంది కాబట్టి ఒక్క పేజీనే చూసే పాన్‌డాక్‌కి అది తెలియదు. సరే కదా అని కంటికి కనిపించినదాన్ని మామూలు టేబుల్‌గా మార్చేశామనుకోండి. చూడ్డానికి బానే ఉంటుంది. కానీ అది జిల్లా అన్న సంగతి యంత్రానికి ఇక తెలియదు, ఉత్త అక్షరాలే.

దాని ఖరీదు 2022 ఏప్రిల్ 4న తెలిసేది. ఆరోజు ఈ మూడు ఊళ్లూ అనంతపురం జిల్లా నుంచి కొత్తగా పుట్టిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. గడి గడిగా ఉంటే ఆ గడులు మారిస్తే చాలు. లేకపోతే ఫైండ్-రీప్లేసే గతి. అప్పుడు "1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పరిచారు" అన్న వాక్యం కూడా మారిపోయి, శ్రీ సత్యసాయి జిల్లా బ్రిటిషువాళ్ల కాలంలోనే పుట్టేస్తుంది!

మన ఆఫీసు వికీల్లోనూ ఇంతే. సర్వర్ పేరు, వెర్షన్, ఎవరి బాధ్యత... ఇవన్నీ మూసల్లోనే ఉంటాయి. ప్రొడక్షన్ పడిపోయిన అర్ధరాత్రి వెతుక్కునేది వాటినే.

అంచేత నా మటుకు వరస ఇది. ముందు మార్పుల చరిత్రతో సహా ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎగుమతి చేసి దాచాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో పాన్‌డాక్ మోసుకురాదు. తర్వాత మూసల్లోని గడుల్ని ఫైలు మొదట్లో యామల్‌గా పెట్టాలి. దారిమార్పుల జాబితా విడిగా తీయాలి. ఆ తర్వాతే హెడ్డింగులూ, బోల్డులూ. పాత వికీని కొన్నాళ్లు చదవడానికి మాత్రం ఉంచాలి.

నూట నలభై ఏళ్లలో పెనుకొండ జిల్లా రెండుసార్లు మారింది. మార్క్‌డౌన్ వచ్చింది 2004లో. రేపు ఇంకోటొస్తుంది. అప్పుడు మళ్లీ మార్చాల్సినవాళ్లకి మనం అక్షరాలు మిగులుస్తున్నామా, అర్థం కూడా మిగులుస్తున్నామా? శనివారం స్క్రిప్టు మొదలుపెట్టేముందు ఆలోచించండి.