రవికె ఒక్క వైపే బిగుతైతే...

"కొలత సరిగ్గానే తీశానమ్మా... మీరే కాస్త ఒళ్లు చేశారు!"

మా పిన్నికి జాకెట్లు కుట్టే దర్జీ మాట ఇది. పాపం, అతని తప్పేం లేదు. నాలుగు నెలల కిందట కుట్టిన జాకెట్టు కుడి చంక కింద పట్టేస్తోంది. ఎడమ వైపు మాత్రం వదులుగానే ఉంది. ఒళ్లు చేస్తే రెండు వైపులా చేయాలి కదా! ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చేసింది పిన్ని.

అంతకు ఏడాదిన్నర ముందు ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. చంకలో గ్రంథులు తీశారు, రేడియేషన్ ఇచ్చారు. గండం గడిచిందనుకున్నాం. చెయ్యి వాస్తుందేమో గమనించుకోమని ఆసుపత్రిలో చెప్పి పంపారు. పిన్ని రోజూ చెయ్యి చూసుకుంటూనే ఉంది. వాపు వచ్చింది వేరేచోట. చంక కింద, పక్కటెముకల మీద, వీపు వైపు... పమిట కప్పేసే చోట. ఎవరికి కనిపిస్తుంది? ఎవరికని చెబుతుంది? లోదుస్తుల పట్టీ వేసిన గాడి తెల్లారినా పోవడం లేదనీ, కుడి పక్కకు తిరిగి పడుకుంటే తడిగుడ్డల మూట మీద పడుకున్నట్టు ఉంటోందనీ నాతో చెప్పడానికి మరో మూడు నెలలు పట్టింది. అదీ వంటింట్లో, బాబాయి బజారుకెళ్లిన సమయం చూసి.

మొదట చూపించిన డాక్టరు కొవ్వు అన్నారు. రెండో ఆయన నీరు పోయే మాత్రలు రాశారు. బాత్రూముకు తిరగడమే మిగిలింది గానీ వాపు తగ్గలేదు. చివరికి క్యాన్సర్ డాక్టరు దగ్గరికే వెళ్తే, జబ్బు తిరగబెట్టలేదని, రక్తనాళాల్లో గడ్డలేవీ లేవని పరీక్షలు చేసి నిర్ధారించుకున్నాక అసలు పేరు చెప్పారు. లింఫెడీమా.

మన ఒంట్లో రక్తనాళాలతో పాటు లింఫ్ అనే ద్రవం పారే సన్నటి నాళాలుంటాయి. చంకలోని గ్రంథులు ఒక్క చేతికే కాదు, ఆ వైపు రొమ్ముకూ ఛాతీకీ వీపు పైభాగానికీ కూడా మురుగు కాలువలాంటివి. డెల్టా ఊళ్ల వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. డ్రెయిను పూడితే నీళ్లు ఏ చేలో నిలుస్తాయో ఎవరు చెప్పగలరు? కొందరికి చేతిలో, కొందరికి ఛాతీలో, కొందరికి రెండు చోట్లా. నిలిచిన ఆ ద్రవంలో మాంసకృత్తులు ఉంటాయి. అందుకే నీరు మాత్రలకు లొంగదు. ఆపరేషన్ అయిన వెంటనే రావాలనీ లేదు. నెలల తర్వాత రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు.

ఈ మాట బయటికి పొక్కగానే పక్కింటావిడ "బోదకాలు లాంటిదేనా? అంటుకుంటుందా?" అని అడిగింది. మన కోస్తాలో బోదకాలు ఎరగని ఊరు లేదు మరి! రెండింట్లోనూ పాడయ్యేది లింఫ్ దారే. కానీ బోదకాలు దోమ మోసుకొచ్చే పురుగు వల్ల వస్తుంది. పిన్నిది వైద్యం కోసం గ్రంథులు తీయడం వల్ల వచ్చింది. అంటుకునే ప్రశ్నే లేదు.

ఇక బాబాయి హడావుడి. ఎవరో చెప్పారని ఓ పంపు కొనుక్కొచ్చారు. గాలి నిండే సంచుల తొడుగు అది. చేతికి తొడిగి మీట నొక్కితే వేళ్ల దగ్గర్నుంచి పైకి వరసగా నొక్కుతూ పోతుంది. పది రోజులు వాడారు. వీపు వైపు వాపు ఇంకా గట్టిపడింది! లింఫెడీమా చికిత్సలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు చూసి నవ్వి, "పంపు తప్పు కాదండీ, తొడుగు తప్పు" అన్నారు. చేతిలో నీటిని భుజం దాకా నెట్టి వదిలేస్తే అది ఎక్కడికి పోతుంది? అసలే పూడిన ఛాతీలోకే కదా.

ఆమె మొదలుపెట్టిన తీరు పూర్తిగా తిరగేసి ఉంది. ముందు బాగున్న ఎడమ చంక దగ్గర, తర్వాత కుడి గజ్జ దగ్గర చర్మాన్ని మెల్లగా కదిలించి, ఆ తర్వాతే వాచిన చోటుకు వచ్చారు. దిగువన దారి చేసి ఎగువ గట్టు తెంపినట్టు. నూనె మర్దనాలాగా గట్టిగా పిసకడం కాదు, పావురాన్ని నిమిరినంత నెమ్మది. 1930లలో డెన్మార్కుకు చెందిన వోడర్ దంపతులు రూపొందించిన పద్ధతి ఇది.

ఆ పైన కట్టు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీ బాగా సాగుతుంది. పడుకున్నా, కూర్చున్నా నొక్కుతూనే ఉంటుంది. దీనికి కావాల్సింది తక్కువ సాగే బట్ట. కదిలినప్పుడు కండరం దానికి ఒత్తుకుని ద్రవాన్ని నెడుతుంది, ఊరికే ఉన్నప్పుడు పెద్దగా బాధించదు. గట్టిపడిన చోట లోపల నురుగు దిండు పెడతారు. చేతికి చుట్టినంత బిగువు ఛాతీకి పనికిరాదు. కట్టాక నిండా ఊపిరి పీల్చి చూడాలి. ఆయాసం అనిపిస్తే విప్పేయాల్సిందే.

వాపు దిగాక కట్టు స్థానంలో కొలతలకు కుట్టిన కంప్రెషన్ బనీను వచ్చింది. వెడల్పాటి భుజం పట్టీలు, తీగ లేని అంచు. రెండు కొనుక్కోవాలి, ఒకటి ఉతికితే ఒకటి వేసుకోవడానికి. సుమారు ఆరు నెలలకు సాగిపోతాయి, మార్చాలి. మే నెలలో విజయవాడ ఎండలో అది వేసుకోవడమంటే... నేను రాయలేను, పిన్నే చెప్పాలి! మడతల్లో చెమట నిలిచి ఒరుసుకుపోకుండా తడి తుడుచుకోవడం ఆమెకు పెద్ద పనే అయింది.

పంపు మళ్లీ వచ్చింది, ఈసారి ఛాతీనీ వీపునీ కలిపి పట్టే తొడుగుతో. రోజూ దాదాపు గంట. తీసిన వెంటనే బనీను వేసుకోవాలి, లేకపోతే పోయిన నీరు మళ్లీ చేరుతుంది. గుండె సరిగా పనిచేయని వాళ్లు, రక్తనాళంలో గడ్డ ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా దీన్ని ముట్టుకోకూడదు. వాచిన చోట ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే పంపూ కట్టూ ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అది చర్మం కింద సోకిన ఇన్‌ఫెక్షన్. యాంటీబయోటిక్స్ కావాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

బిందె ఎత్తొద్దని చుట్టాలంతా పిన్నిని కట్టిపడేశారు. 2009లో అమెరికాలో వెలువడిన ఓ అధ్యయనం మాత్రం, ఇలా చెయ్యి వాచినవాళ్లు పర్యవేక్షణలో, తొడుగు వేసుకుని, కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ వ్యాయామం చేస్తే వాపు పెరగలేదని తేల్చింది. ఆ మాట నేను చెబితే పిన్ని నమ్మలేదు. ఫిజియోథెరపిస్టు అర లీటరు నీళ్ల సీసా చేతికిచ్చి మొదలుపెట్టించాక నమ్మింది.

మొన్న దర్జీ దగ్గరికి నేనూ వెళ్లాను. బనీను వేసుకునే కొలతలిచ్చింది పిన్ని. కుడి పక్క లోపలికి ఓ అంగుళం గుడ్డ ఎక్కువ ఉంచమంది. "ఎందుకమ్మా?" అన్నాడతను. ఈసారి దాచకుండా చెప్పేసింది. అతను టేపు మెడలో వేసుకుని కాసేపు ఊరుకున్నాడు. వాళ్ల వదినకీ అదే ఆపరేషన్ అయిందట, ఆమె కూడా జాకెట్టు పట్టడం లేదంటోందట. బనీను ఎక్కడ కుట్టిస్తారో, ఎవరికి చూపించాలో నాతో కొలతల పుస్తకంలోనే రాయించుకున్నాడు.