గట్టిదనం ఒక్కటే చాలదు

మిత్రులారా, మా నాన్నది తాండూరు బండల గనిలో పని. ఒకరోజు ఉలి మొన విరిగి, ముక్క ఎగిరొచ్చి ఆయన కనుబొమ్మకు తగిలింది. ఇంకొంచెం కిందికైతే కన్నే పోయేది! "ఇనుము మంచిది కాదు" అన్నారందరూ. నేను ఒప్పుకోను.

కర్బనం 0.3 నుండి 0.6 శాతం ఉంటే మధ్యమ కర్బన ఉక్కు అంటారు. వికారాబాదు, తాండూరు మీదుగా పోయే రైళ్ల ఇరుసులు, మన సుత్తెలు ఇలాంటి ఉక్కువే. ఉలికి కర్బనం ఇంకొంత ఎక్కువైనా పద్ధతి ఒక్కటే. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. అందుకే కమ్మరి తాత మొనను మళ్లీ కొంచెం కాచి, రంగు మారగానే ఆపుతాడు. గట్టిదనం కొంత తగ్గుతుంది గానీ దెబ్బకు ఓర్చుకుంటుంది. ఆ రోజు తొందరలో నాన్నే ఇంటి దగ్గర ఉలిని కాల్చి ముంచాడు. రెండోసారి కాచలేదు.

తప్పు ఇనుముది కాదు, తొందరది. కాబట్టి చదువుకుంటున్నామని కొలిమి పనిని చిన్నచూపు చూడొద్దు. వార్డెన్ సారూ, మమ్మల్ని ఒక్కరోజు కొలిమి దగ్గరికి తీసుకుపోండి. మిత్రులారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు "ఉలిని రెండోసారి కాచారా?" అని తప్పక అడగండి.

ఇదీ నా అభిప్రాయం.
— 9వ తరగతి విద్యార్థి