హీరో చేస్తే ప్రేమ, విలన్ చేస్తే నేరమా?

పాత కథనే కొత్త తారలతో మళ్లీ తీయడం మనకు కొత్తేం కాదు. థాయిలాండ్‌లో అయితే అదో ఆనవాయితీ. అక్కడి టీవీ నాటకాలను 'లకోన్' అంటారు. బాగా పేరున్న నవల ఒకటి దొరికితే చాలు, పదీ పదిహేనేళ్లకోసారి దాన్ని కొత్త జంటతో తీస్తూనే ఉంటారు. అమ్మ చూసిన కథనే కూతురు చూస్తుంది. ఇద్దరూ కూర్చుని 'అప్పటి హీరో బాగున్నాడా, ఇప్పటివాడా' అని వాదించుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ నౌకాదళ అధికారికీ, థాయ్ అమ్మాయికీ నడిచిన 'ఖూ కమ్' కథే చూడండి. 1990లో టీవీలో వచ్చినప్పుడు దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. 2013లో మళ్లీ టీవీకి తీశారు, అదే ఏడాది సినిమాగానూ తీశారు. తెలిసిన పేరైతే ప్రకటనలు సులభంగా వస్తాయి, ప్రేక్షకులు ముందే సిద్ధంగా ఉంటారు. మన సీరియళ్లలా ఏళ్ల తరబడి సాగవు కూడా. రెండు మూడు నెలల్లో కథ కంచికి చేరుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కథను తిరగతోడినప్పుడు దాంతోపాటు పాత కాలపు ఆలోచనలూ తిరిగొస్తాయి. చిక్కంతా అక్కడే!

పగ తీర్చుకునే కథానాయకుడు

2008లో వచ్చిన 'సవన్ బియాంగ్' సంగతి తీసుకుందాం. అదీ రీమేకే. కెన్ థీరదేత్, ఆన్ థోంగ్‌ప్రసోమ్ జంటగా నటించారు. థాయ్ నాటకాలంటే ఇష్టపడేవాళ్లు ఈనాటికీ మురిపెంగా తలుచుకునే పేరది. కథేమిటంటే, తన తండ్రిని పెళ్లి చేసుకున్న స్త్రీ మీద హీరో కవీకి పీకలదాకా కోపం. ఆ కోపాన్ని ఆమె చెల్లెలు నారిన్ మీద తీర్చుకుంటాడు. ఆ అమ్మాయి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా బలవంతం చేస్తాడు. ఆమె గర్భవతి అవుతుంది, దూరంగా వెళ్లిపోతుంది. అతనికి ఆలస్యంగా జ్ఞానోదయమై వెంటపడి క్షమాపణ అడుగుతాడు. చివరికి ఇద్దరూ ఒకటవుతారు. చూసేవాళ్ల కళ్లు చెమరుస్తాయి.

అదే ఏడాది మరో రీమేక్ 'జమ్ లోయ్ రక్' వచ్చింది. పేరుకు అర్థం 'ప్రేమ ముద్దాయి' అని. తమ్ముడి చావుకు కారణమనుకుని హీరో ఓ అమ్మాయిని ఎత్తుకుపోయి దీవిలో బంధిస్తాడు. తీరా చూస్తే ఆమె వేరే అమ్మాయి! ఆ ఇద్దరికీ ప్రేమ పుడుతుంది. అమ్మాయి చెంప పగలగొట్టడం, అబ్బాయి బలవంతంగా ముద్దు పెట్టడం... ఇలాంటి నాటకాలకు అక్కడ 'చెంపదెబ్బ–ముద్దు' అనే ఓ తరగతే ఉంది.

రెండు మాటలు, రెండు న్యాయాలు

థాయ్ భాషలో అత్యాచారానికి 'ఖోమ్ ఖ్వీన్' అని మాట ఉంది. విలన్ చేస్తే ఆ మాటే వాడతారు. అదే పని హీరో చేస్తే మాత్రం 'ప్లమ్' అంటారు. కుస్తీ పట్టడం, పడదోయడం అని దానికి అర్థం. చేసిన పని ఒకటే, పేరు మారేసరికి నేరం కాస్తా సరసమైపోతుంది.

నవ్వుకోకండి. మన సినిమాల్లో మాత్రం? విలన్ చెయ్యి పట్టుకుంటే 'మానభంగం', హీరో చీర కొంగు లాగితే 'అల్లరి'. 'కాదు' అన్న అమ్మాయి వెంటపడితే 'నిజమైన ప్రేమ'. చెడగొట్టినవాడికే ఇచ్చి పెళ్లి చేసి 'న్యాయం' చేశామనుకున్న పెదరాయుళ్ల తీర్పులు మనం ఎన్ని చూడలేదు!

మరి ఆడవాళ్లెందుకు చూస్తారు?

పైగా 'సవన్ బియాంగ్' నవల రాసింది కృష్ణా అసోక్సిన్ అనే ప్రఖ్యాత రచయిత్రి. ఆమె 1985లో ఆగ్నేయాసియా రచయితల పురస్కారం అందుకున్నారు. 'ఖూ కమ్' రాసిన థొమ్మయంతీ కూడా మహిళే. చూసేవాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ. అంటే వాళ్లకు అత్యాచారం ఇష్టమనా? ఎంతమాత్రం కాదు. అహంకారంతో విర్రవీగిన మగవాడు చివరికి తలవంచి, 'తప్పు నాదే' అని కన్నీరు పెట్టుకోవడం వాళ్లకు కావాలి. నిజజీవితంలో ఆ మాట వినే భాగ్యం ఎందరికి దక్కుతుంది చెప్పండి? ఆ కోరిక న్యాయమైనదే. దాన్ని తీర్చడానికి ముందు అమ్మాయిని నరకంలోకి తోయడమే అన్యాయం.

2014 జులైలో బ్యాంకాక్ వెళ్లే రాత్రి రైల్లో 13 ఏళ్ల బాలికపై రైల్వే ఉద్యోగి ఒకడు అత్యాచారం చేసి చంపేశాడు. దేశం అట్టుడికిపోయింది. ఆ ఏడాదే, నాటకాల్లో అత్యాచారాన్ని ప్రేమగా చూపడం ఆపమంటూ వేలాది మంది సంతకాలు చేశారు. ఒక నాటకం చూసి ఎవడూ నేరస్థుడైపోడన్నది నిజమే. కానీ 'మొదట వద్దంటుంది, తర్వాత తనే దారికొస్తుంది' అని చిన్నప్పటి నుంచి వందసార్లు చూసినవాడికి, అమ్మాయి 'వద్దు' అన్నది వినపడుతుందా?

విచిత్రమేమిటంటే, భార్యను భర్త బలవంతం చేసినా నేరమేనని థాయిలాండ్ 2007లోనే చట్టం మార్చింది. ఆ మరుసటేడే పైన చెప్పిన రెండు నాటకాలూ విజయం సాధించాయి. చట్టం ముందుకు నడిస్తే కథలు వెనకే ఉండిపోయాయి. ఇక మన దగ్గర 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ, 18 ఏళ్లు నిండిన భార్య విషయంలో భర్తకున్న మినహాయింపు అలాగే ఉంది.

మార్చలేనిదేమీ కాదు

బలవంతం లేకపోతే కథ రక్తికట్టదనేవాళ్లకు 2018 నాటి 'బుప్పేసన్నివాస్' సమాధానం చెప్పింది. ఈ కాలపు అమ్మాయి నారాయ్ రాజు నాటి అయుత్తయకు వెళ్లిపడటం అందులో కథ. తన మాటలతో, చొరవతో హీరో మనసు మార్చేస్తుంది. దేశమంతా విరగబడి చూసింది. ఆనాటి దుస్తులు కట్టుకుని జనం అయుత్తయ గుడులకు బారులు తీరారు.

మనకూ నవలలను తెరకెక్కించే సంప్రదాయం ఉంది. యద్దనపూడి సులోచనారాణి 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలయ్యాయి. రేపు ఇలాంటి పాత కథలను ఎవరైనా మళ్లీ తీస్తే నగలూ, చీరలూ, కార్లూ కొత్తవి పెట్టడం పెద్ద పనేం కాదు. హీరో తప్పు చేస్తే దాన్ని తప్పనే పిలిచే ధైర్యం కావాలి. అమ్మాయి అతణ్ని క్షమించకుండా వెళ్లిపోయే హక్కూ ఆ కథలో ఉండాలి.

ఈసారి మీ అమ్మాయితో కలిసి టీవీ చూస్తున్నప్పుడు అలాంటి సన్నివేశం వస్తే చానెల్ మార్చేయకండి. 'ఇదే పని విలన్ చేస్తే ఏమంటావు?' అని ఒక్క మాట అడిగి చూడండి. పక్కనే మీ అబ్బాయి ఉంటే అతణ్నీ అడగండి. ముందు అతణ్నే అడగండి!