మూసుకుంటున్న సూక్ష్మ ద్వారాలు: యాంటీబయాటిక్‌కు బ్యాక్టీరియా బయటి పొరే తొలి అడ్డంకి

బచేలి (ఛత్తీస్‌గఢ్): దంతెవాడ జిల్లాలోని ఈ ఇనుప ఖనిజ పట్టణానికి తెలుగు నేలతో దశాబ్దాల అనుబంధం ఉంది. ఇక్కడి బైలడిలా గనులను నిర్వహిస్తున్న ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. గనుల ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం చేరుతుంది. స్థానికంగా నయం కాని జబ్బు వస్తే జగదల్‌పూర్ వైద్య కళాశాలకు వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించాలి. విశాఖ ఇంకా దూరం. ఇటువంటి ప్రాంతాల్లో మొదట ఇచ్చిన యాంటీబయాటిక్ పనిచేస్తుందా, లేదా అన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం. అది పనిచేయకపోవడానికి గల కారణాల్లో ముఖ్యమైనది బ్యాక్టీరియా బయటి పొరలో ఉంది.

మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ప్రధాన కారణమైన ఈ.కొలి, ఆస్పత్రుల్లో న్యుమోనియా కలిగించే క్లెబ్సియెల్లా, టైఫాయిడ్‌కు కారణమైన సాల్మొనెల్లా గ్రామ్ నెగటివ్ తరగతికి చెందినవి. వీటికి లోపలి పొర, దానిపై పలుచని కణ కవచం, ఆపైన మరొక బయటి పొర ఉంటాయి. బయటి పొర వెలుపలి భాగంలో లైపోపాలీశాకరైడ్ అణువులు దట్టంగా అమరి, మెగ్నీషియం, కాల్షియం అయాన్ల సాయంతో ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. అందువల్ల అనేక మందులు ఈ పొరను సులభంగా దాటలేవు.

అయితే బ్యాక్టీరియాకూ ఆహారం కావాలి. అందుకోసం బయటి పొరలో పోరిన్లు అనే ప్రోటీన్లు నీటితో నిండిన సన్నని మార్గాలను ఏర్పరుస్తాయి. ఈ.కొలిలో సుమారు 600 డాల్టన్ల లోపు బరువున్న అణువులు వీటి గుండా లోపలికి వెళ్లగలవు. స్టెఫైలోకాకస్‌పై శక్తిమంతంగా పనిచేసే వాంకోమైసిన్ బరువు దాదాపు 1,450 డాల్టన్లు. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాపై అది విఫలం కావడానికి ప్రధాన కారణం ఇదే.

ఔషధ పరిశోధన చరిత్రలో ఈ మార్గాల పాత్ర పెద్దది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, 1948లో ఆరియోమైసిన్ వెలుగుచూసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. ఈ కుటుంబపు మందులు ఈ.కొలిలోకి పోరిన్ల గుండా ప్రవేశిస్తాయి. పెన్సిలిన్‌కు ఒక అమైనో సమూహం చేర్చి రూపొందించిన ఆంపిసిలిన్ 1961లో వాడుకలోకి వచ్చింది. ఆ చిన్న మార్పు ఈ.కొలి వంటి వాటిలోకి మందు చేరడాన్ని సులభం చేసింది. అణువులో అమైన్ ఉండటం, నిర్మాణం బిగువుగా, చదునుగా ఉండటం ప్రవేశానికి తోడ్పడతాయని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో తేల్చారు.

బ్యాక్టీరియా కూడా ఎదురు మార్గాలు వెతుక్కుంటోంది. కొన్ని పోరిన్ల సంఖ్యను తగ్గించుకుంటాయి, కొన్ని వాటిని సన్నగా మార్చుకుంటాయి. లోపలికి వచ్చిన మందును ప్రోటీన్ పంపులతో తిరిగి బయటకు తోసేవీ ఉన్నాయి. మందును విరగ్గొట్టే ఎంజైముకు పోరిన్ల లోపం తోడైతే క్లెబ్సియెల్లా కార్బపెనెమ్ తరగతి మందులను సైతం తట్టుకోగలదు. కార్బపెనెమ్‌లకు లొంగని ఈ కుటుంబపు బ్యాక్టీరియాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జాబితాలో అత్యంత ప్రమాదకర వర్గంలో చేర్చింది. మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షలని అంచనా.

ఇక్కడే గమనించవలసిన కీలకాంశం ఉంది. ఆహారం వచ్చే దారిని మూసుకోవడం బ్యాక్టీరియాకు సాధారణంగా నష్టమే. మందు లేనిచోట అలాంటివి తోటి బ్యాక్టీరియాతో పోటీలో వెనుకబడే అవకాశం ఎక్కువ. మందు ఉన్నచోట మాత్రం అవే బతికి పెరుగుతాయి. వైరస్ జలుబుకూ, జ్వరానికీ అనవసరంగా యాంటీబయాటిక్ వాడిన ప్రతిసారీ దారి మూసుకున్న బ్యాక్టీరియాకే మేలు జరుగుతుంది.

మూసిన దారిని తప్పించుకునే ప్రయత్నాల్లో ఒకటి ఇనుముతో ముడిపడి ఉంది. మానవ శరీరం ఇనుమును ప్రోటీన్లతో బంధించి ఉంచుతుంది. దానిని సంపాదించేందుకు బ్యాక్టీరియా ప్రత్యేక అణువులను విడుదల చేసి, ఇనుముతో సహా తిరిగి లోపలికి తీసుకుంటుంది. 2019లో అమెరికా అనుమతి పొందిన సెఫిడెరోకాల్ ఇనుమును పట్టుకుని ఆ దారిలోనే ప్రవేశిస్తుంది. అయితే ఈ దారిలోనూ మార్పులు తెచ్చుకుని తప్పించుకునే బ్యాక్టీరియా ఇప్పటికే కనిపించింది. కొత్త మందు ఒక్కటే పరిష్కారం కాదన్నది దీని సారాంశం.

మన దేశంలో 2014 నుంచి అమలవుతున్న షెడ్యూల్ హెచ్1 నిబంధనల ప్రకారం ముఖ్యమైన యాంటీబయాటిక్‌ల విక్రయాలను మందుల దుకాణాలు విడిగా నమోదు చేయాలి. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. బయటి పొరనే ఛేదించే కొలిస్టిన్‌ను పశుపోషణలో వాడరాదని 2019లో కేంద్రం నిషేధించింది. నిబంధనలు ఉన్నప్పటికీ, ఏ మందు పనిచేస్తుందో తేల్చవలసింది కల్చర్, సెన్సిటివిటీ పరీక్షే. సాధారణంగా దాని ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. ప్రయోగశాల దూరమైతే ఆలస్యం మరింత పెరుగుతుంది, ఆలోగా వైద్యుడు అంచనాపైనే ఆధారపడాలి. బచేలి వంటి పట్టణాలకు ఖరీదైన కొత్త మందు కంటే ముందు కావలసింది అందుబాటులో ఉండే పరీక్ష, ఉన్న మందులను పొదుపుగా వాడే క్రమశిక్షణ.