గుర్రానికి పస్తు మందు కాదు, బెల్లం బలం కాదు

ఆషాఢం రాగానే జిల్లాలో బరాత్ గుర్రాలకు పని ఉండదు. మూఢాలు వచ్చినా అంతే. కొట్టంలో కట్టేసి, ఖాళీగా ఉన్న రోజుల్లోనైనా నాలుగు కండలు పట్టాలని తవుడు, నానబెట్టిన ఉలవలు, బెల్లం పెట్టడం గుర్రాలవారికి పరిపాటి. నెల తిరిగేసరికి జూలు కింద మెడ గట్టిపడి దిమ్మెలాగ లేస్తుంది. చూసినవారు గుర్రం బాగా తేరుకున్నదని మెచ్చుకుంటారు. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాక అదే గుర్రం పొద్దుగూకిన దగ్గర నుంచి అర్ధరాత్రి దాటే వరకు నోట్లో కళ్లెంతో, కడుపులో గడ్డిపోచ లేకుండా, బ్యాండు మేళం నడుమ నిలబడాలి. పెండ్లివారు ముచ్చటపడి లడ్డూ తినిపిస్తారు. గడ్డి తినిపించే తీరిక ఎవరికీ ఉండదు.

ఇలా రెండు మూడు సీజన్లు గడిస్తే ఏమవుతుందో నిజామాబాద్ జిల్లాలోని ఒక ఊరిలో కనబడింది. ఎడ్లను అమ్మి, చిట్టీ ఎత్తి, నాందేడ్ జిల్లాలోని మాలేగాం ఖండోబా యాత్రలో కొనుక్కొచ్చిన తెల్ల ఆడగుర్రం అది. ఆ కుటుంబానికి అదే ఆస్తి. ఒకనాటి ఉదయం ముందుకాళ్లు చాపి, బరువంతా వెనుక కాళ్ల మీద వేసుకుని నిలబడింది. కదలమంటే కదలదు. ఊరి పెద్దమనిషి ఒకరు చూసి, "ఒళ్లు బలిసింది తమ్మీ, నాలుగు దినాలు ఎండబెట్టు, అదే దిగుతది" అన్నాడు. ఎండబెట్టారు. మందుల దుకాణంలో నొప్పి మందు తెచ్చి పొయ్యసాగారు. కాలు కొంచెం తేలికపడింది కాని, వారం తర్వాత పెట్టిన దాణా సగంలో వదిలేసి పళ్లు కొరకడం మొదలుపెట్టింది. జీను పట్టీ బిగించబోతే కరవడానికి వచ్చింది. మళ్లీ బలం తగ్గిందని బెల్లం, ఉలవలు ఎక్కువ చేశారు. ఈసారి నాలుగు గిట్టలూ వేడెక్కాయి.

పశువైద్యుడు వచ్చి, "ఏం పెడుతున్నవయ్యా దీనికి?" అని అడిగితే, యజమాని కండ్ల నీళ్లు పెట్టుకున్నాడు. "తక్కువ ఏం జెయ్యలే సారూ. మేం తినకున్నా దానికి పెట్టినం."

అతని మాటలో అబద్ధం లేదు. పస్తు పెట్టమన్న పెద్దమనిషి కూడా చెడు కోరి చెప్పలేదు. గుర్రానికి ఒకేసారి రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకదానికి చేసిన వైద్యం రెండవదానికి విషమైంది.

మొదటి జబ్బు ఒంట్లో తీపి అరుగుదలకు సంబంధించినది. మనుషులకు వచ్చే షుగరుకు చుట్టమే కాని అచ్చంగా అదే కాదు. రక్తంలో చక్కెర మామూలుగానే ఉండవచ్చు, ఇన్సులిన్ మాత్రం విపరీతంగా పెరుగుతుంది. అందువల్ల షుగరు పరీక్ష చేయించి బాగానే ఉన్నదని వదిలేస్తే లాభం లేదు, ఇన్సులిన్ పరీక్ష కావాలి. పెరిగిన ఇన్సులిన్ గిట్టల మీద దెబ్బ కొడుతుంది. గిట్టకూ లోపలి ఎముకకూ మధ్య ఉన్న పట్టు వదులుతుంది. దీన్నే డాక్టర్లు లామినైటిస్ అంటారు. ఇన్సులిన్ ఒక్కటే ఎక్కువైనా, ఆరోగ్యంగా ఉన్న పొట్టి గుర్రాలకు సైతం ఈ గిట్టల జబ్బు వస్తుందని 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు రుజువు చేశారు. మెడ మీద గట్టి కొవ్వు, తోక మొదట్లో ముద్దలు కట్టిన కొవ్వు దీనికి ముందు గుర్తులు. మన దగ్గర అదే కొవ్వును చూసి గుర్రానికి ఎక్కువ ధర కడుతున్నారు.

రెండవది కడుపులో పుండు. ఇక్కడ రైతులు పొరపడటానికి కారణం ఎద్దు. ఎద్దుకు రెండు పూటలా మేత వేస్తే తీరుబడిగా నెమరు వేసుకుంటుంది. దాని కడుపు నాలుగు అరల గాదె. గుర్రానికి అరలు లేవు, నెమరు లేదు. అంత పెద్ద జంతువుకు కడుపు 8 నుంచి 15 లీటర్లు, అంటే ఒకటి రెండు బిందెలు. ఆ చిన్న కడుపులో తిన్నా తినకున్నా, పగలూ రాత్రీ ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది లాలాజలం. నమిలినప్పుడు తప్ప గుర్రానికి లాలాజలం ఊరదు. కిలో ఎండుగడ్డి తినడానికి ముప్పావు గంట సేపు, సుమారు 3 వేల సార్లు నములుతుంది. కిలో దాణా అయితే పది నిమిషాల్లో మింగేస్తుంది. బయట వదిలితే గుర్రం రోజుకు 16 గంటలకు పైగా మేస్తుందంటే తిండిపోతుతనం వల్ల కాదు, దాని కడుపు కట్టడం అలాంటిది. కడుపు కింది భాగానికి జిగురు కవచం ఉంటుంది. పై భాగానికి లేదు. ఖాళీ కడుపుతో పరుగెత్తించినా, మేళంలో గంతులు వేయించినా ఆమ్లం ఎగిరి పై భాగాన్ని కాలుస్తుంది. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాలలో నూటికి ఎనభై, తొంభైకి పుండ్లు కనబడటం మామూలు. లక్షలు పోసి పెంచే వాటి సంగతే అలా ఉంటే, బరాత్ గుర్రాన్ని అడిగేవారెవరు?

ఈ రెండు జబ్బుల నడుమ నలిగిపోతున్నది యజమాని. తీపి జబ్బుకు మేత తగ్గించాలి. పుండుకు కడుపు ఖాళీగా ఉండరాదు. గిట్టల నొప్పికి నొప్పి మందు కావాలి. ఫినైల్‌బ్యూటజోన్ వంటి ఆ మందులే మోతాదు మించినా, ఎక్కువ రోజులు వాడినా కడుపులో పుండ్లు చేస్తాయి. దుకాణంవాడికి ఈ సంగతి పట్టదు. సీసా అమ్ముడుపోతే చాలు. స్టెరాయిడ్ సూది వేయిస్తే కుంటు పోతుందని చెప్పేవారూ ఉన్నారు. తీపి జబ్బు ఉన్న గుర్రానికి ఆ సూది గిట్టల జబ్బును మళ్లీ తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది.

పస్తు సంగతి ఇంకా ఘోరం. బలిసిన పొట్టి గుర్రాన్ని, చూడి గుర్రాన్ని, గాడిదను ఒక్కసారిగా ఎండగడితే ఒంట్లోని కొవ్వంతా రక్తంలోకి దిగి, కాలేయం చెడి ప్రాణమే పోవచ్చు. పెద్దమనిషి చెప్పిన నాలుగు దినాలు అందుకు చాలు.

మరి ఏం చేయాలి? ఆ పశువైద్యుడు చెప్పిన మార్గం ఖర్చుతో కూడినదేమీ కాదు. ఓపిక కావాలి. ముందు గుర్రం బరువు తెలియాలి. కాటా అక్కరలేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసి, ఆ అంకెను అదే అంకెతో గుణించాలి. దాన్ని భుజం ముందు మొన నుంచి పిరుదు చివరి దాకా ఉన్న పొడవుతో గుణించి 11,900తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 160, పొడవు 140 అయితే గుర్రం సుమారు 300 కిలోలు. బడికి వెళ్లే పిల్లలు ఈ లెక్క చేసి పెడతారు.

300 కిలోల బలిసిన గుర్రానికి రోజుకు సుమారు 5 కిలోల ఎండుగడ్డి చాలు. దాన్ని ఒక్కసారి వేయరాదు. గంటసేపు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వేయాలి. గడ్డిలోని తీపి కొంత నీళ్లలో పోతుంది. మన ఎండలకు ఎక్కువసేపు నానితే పులుస్తుంది కనుక రాత్రి నానేసి తెల్లారి పెట్టడం మంచిది కాదు. చిన్న కన్నుల వల సంచిలో నింపి వేలాడదీస్తే ఒక్కొక్క పోచ లాక్కుని తింటుంది, అదే మేత ఎక్కువసేపు వస్తుంది. అలా నాలుగైదు సార్లు. నాలుగు గంటలకు మించి, ఎంత తప్పనిసరి అయినా ఆరు గంటలకు మించి, నోరు ఖాళీగా ఉండకూడదు. రాత్రి నిడివి ఎక్కువ కనుక పెద్ద వాటా రాత్రికే దాచాలి. నానబెట్టినప్పుడు లవణాలు కూడా పోతాయి కాబట్టి ఖనిజ మిశ్రమం, ఉప్పు ఇవ్వాలి. వీలైతే అందులో అరకిలో గడ్డి తగ్గించి, దాని బదులు ఎండిన లూసర్న్ వేయవచ్చు. దానిలోని సున్నం ఆమ్లాన్ని అణుస్తుంది. బెల్లం, తవుడు, జొన్నలు, మక్కలు పూర్తిగా మానాలి. ఉలవలు సైతం గిట్టలు కుదుటపడేదాకా వద్దు.

జిల్లాలో చవకగా దొరికేది వరిగడ్డి. అందరూ దాని మీదే పడతారు. తీపి తక్కువ కనుక కొంత కలపవచ్చు గాని, వరిగడ్డి ఒక్కటే వేస్తే పుండ్లు పెరుగుతాయి, పేగుల్లో అడ్డం పడే భయమూ ఉంది. మొత్తం మేతలో మూడో వంతు మించకపోవడం క్షేమం. తొలకరి తర్వాత మొలిచే లేత పచ్చిక చూడటానికి ముచ్చటగా ఉంటుంది కాని తీపి జబ్బు గుర్రానికి అదీ గండమే. పొద్దెక్కినకొద్దీ గడ్డిలో తీపి పెరుగుతుంది. విప్పదలిస్తే తెల్లవారుజామున కాసేపు విప్పి, ఎండ రాకముందే కట్టేయాలి.

పుండుకు ఒమెప్రజోల్ మంచి మందే. అయితే మనుషుల గోళీలను దంచి నీళ్లలో కలిపి పోస్తే కడుపులోని ఆమ్లమే ఆ మందును చంపేస్తుంది. డబ్బులు పోతాయి, జబ్బు ఉంటుంది. డాక్టరు చెప్పిన రూపంలో, చెప్పినన్ని వారాలు, పరగడుపున ఇవ్వాలి. కాస్త తేరుకోగానే మధ్యలో ఆపరాదు. గిట్టలు వేడెక్కిన రోజున నడిపిస్తే పట్టు సడలుతుందని కొందరు గుర్రాన్ని కొట్టి నడిపిస్తున్నారు. ఎముక గిట్టలో దిగబడటానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. మెత్తటి ఇసుక పోసి నిలబెట్టి, గిట్టలకు మంచునీళ్లు పట్టించి, 1962కు ఫోన్ చేసి పశువుల అంబులెన్సును పిలవాలి.

డాక్టర్ల సంగతీ చెప్పుకోవాలి. గ్రామీణ పశువుల దవాఖానలకు రోజూ వచ్చేవి బర్రెలు, మేకలు, గొర్రెలు. గుర్రం ఏడాదికి ఒకటో రెండో. 2012 లెక్కల ప్రకారం దేశంలో 6 లక్షల 20 వేల దాకా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 గణన నాటికి 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. వాటి వైద్యం చేతికి అలవాటు తప్పుతున్నదంటే ఆశ్చర్యం లేదు, డాక్టరును తప్పు పట్టి ప్రయోజనమూ లేదు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. అక్కడి నిపుణులను పెండ్లిళ్ల సీజనుకు ముందు ఒకరోజు పిలిపించి, గుర్రాలవారందరినీ ఒకచోట చేర్చి, గిట్టలూ మెడా చూసి, ఇన్సులిన్ పరీక్షకు రక్తం తీయించడం పశుసంవర్ధక శాఖకు కొండంత పనేమీ కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం గుర్రాలు, గాడిదలు, ఒంటెల పెంపకం పెట్టేవారికి 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల దాకా సబ్సిడీ ప్రకటించింది. కొత్త గుర్రాలను పుట్టించడానికి అంత డబ్బు ఉన్నప్పుడు, ఉన్న గుర్రం కడుపు చూడటానికి ఒక శిబిరం ఖర్చు వెతికితే దొరుకుతుంది.

బరాత్ మాట్లాడుకునే పెండ్లివారు కూడా కొంత ఆలోచించాలి. బయలుదేరడానికి అరగంట ముందు ఒక దోసెడు కాదు, చిన్న బక్కెట్టు నిండా నరికిన గడ్డి తిననిస్తే అది కడుపులో చాపలా తేలి ఆమ్లాన్ని ఎగరనివ్వదు. రెండు గంటలకు ఒకసారి కళ్లెం తీసి పావుగంట గడ్డి, నీళ్లు ఇవ్వాలని బేరం నాడే ఒప్పుకోవాలి. దారిలో పోస్తుందని కొందరు సాయంత్రం నుంచే నీళ్లు ఆపేస్తున్నారు. పెండ్లికొడుకు దిగి చాయ్ తాగే సమయం ఉన్నప్పుడు గుర్రానికి ఆ పావుగంట ఇవ్వలేమా? లడ్డూలు, బెల్లం ముక్కలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వండి.

ఆ తెల్ల ఆడగుర్రం ఇప్పుడు కొట్టంలో ఇసుక మీద ఉంది. మెడ కొంచెం మెత్తబడింది, పళ్లు కొరకడం తగ్గింది. రాత్రి రెండు గంటలకు ఇంటి ఇల్లాలు లేచి వల సంచి నింపి కట్టి వస్తున్నది. గిట్ట పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది దాకా పడుతుందని డాక్టరు చెప్పాడు. ఈ సీజనుకు తీసుకున్న రెండు బయానాలను యజమాని తిరిగి ఇచ్చేశాడు. చిట్టీ వాయిదా మాత్రం నెలనెలా కట్టాల్సిందే.