బందరు పసుపుగీత

ప్రపంచమునందలి శాస్త్రపత్రికలను మన ప్రభుత్వ విద్యాలయములును పరిశోధనాలయములును చదువుకొనుటకై కేంద్రప్రభుత్వము 2025, 2026, 2027 సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించినది. ‘ఒకే దేశము, ఒకే చందా’ యని పథకమునకు పేరు. 30 మంది ప్రచురణకర్తల 13,000 పత్రికలు ఇంచుమించు 6,300 సంస్థలకు అందునట్లు 2025 జనవరి 1వ తేదీనుండి ఇది అమలునకు వచ్చినది. చిన్న విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రము చదువు విద్యార్థికి నిన్నటివరకు అందని వ్యాసము నేడు అందుట మంచిదే. అందులకు మేమును సంతోషించుచున్నాము. కాని యీ సంతోషములో ఒక ముల్లు కలదు. దానిని చూపుటకు ఒక పాతసంగతి ఎత్తుకొనవలసి యున్నది.

విభవనామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్యనాడు, అనగా 1868 ఆగస్టు 18వ తేదీన, సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగుదేశము మీదుగా పోయినది. ఐదు నిమిషములకు మించి పట్టపగలు చీకటియైనది. జనులు పట్టుస్నానమాడి విడుపుస్నానమునకు వేచియుండగా, గుంటూరిలో ఫ్రాన్సు దేశపు జాన్సెన్ పండితుడు వర్ణపటదర్శినిని సూర్యునివైపు త్రిప్పి కూర్చుండెను. మదరాసు వేధశాలాధ్యక్షుడు పాగ్సన్ దొర బందరులో మకాము చేసెను. ఆ వేధశాలలోనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి వెళ్లెను.

సూర్యుని అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలు మండుచున్న వాయువులే యని ఆనాడు తేలినది. మరునాడు జాన్సెన్, గ్రహణము లేకుండగనే ఆ జ్వాలల గీతలను చూచు ఉపాయమును గుంటూరిలోనే సాధించెను. ఆ సంగతినంతయు వ్రాసి కాకినాడనుండి పారిసునకు ఉత్తరము పంపెను. అది సముద్రములు దాటి 1868 అక్టోబరు 26వ తేదీన ఫ్రెంచి విజ్ఞానపరిషత్తునకు చేరినది. లాకియర్ అను నాంగ్లేయుడు ఇంగ్లండులో కూర్చుండియే అదే ఉపాయమును కనిపెట్టినట్లు తెలుపు లేఖయు ఆనాడే అచ్చటికి అందినది. పరిషత్తు ఉభయులను గౌరవించి, ఇద్దరి ముఖములును చెక్కించి యొక పతకమును చేయించినది.

ఇక బందరు సంగతి. పాగ్సన్ తన దర్శినిలో ఒక పసుపుపచ్చని గీతను చూచెను. అది సోడియమునకు చెందిన జంటగీతల దగ్గఱనే యున్నను వానితో సరిగా కలియుట లేదని గుర్తించి నివేదికలో వ్రాసెను. ఆ గీత హీలియము వాయువుది. భూమిమీద ఆ వాయువును రామ్సే పండితుడు వేఱుచేసి చూపుటకు 1895వఱకు పట్టినది. అంతటి గుర్తు బందరు సముద్రతీరమున ఒక మనుష్యుని కంటబడినది. కాని ఆ నివేదిక మదరాసు ప్రభుత్వపు అచ్చుకాగితములలో వెలువడినదేగాని శాస్త్రజ్ఞులు చదువుకొను పత్రికలకు ఎక్కలేదు. హీలియము మాట వచ్చినప్పుడు లాకియరును జాన్సెనును తలచుకొందురు. బందరును తలచువారు అరుదు. ఇద్దరు చూచిరి, ఇద్దరు వ్రాసిరి. ఒకని వ్రాత చేరవలసిన చోటికి చేరినది.

మనవారిలో ఈ మర్మమెఱిగినవారు లేకపోలేదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1841లో సొంత వ్యయముతో వేధశాల కట్టెను. ఆయన అల్లుడు అంకితము వెంకట నరసింగరావు దానిని నిలుపుకొని, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబము నడ్డముగా దాటుట చూచి, తాను చూచినవానిని లండను రాజకీయ ఖగోళసంఘపు మాసపత్రికకు పంపుచు వచ్చెను. అందుచేత ఆయన పని నేటికిని దొరకుచున్నది. రఘునాథాచార్యులు మఱియొక మెట్టు ఎక్కి, ఆ శుక్రసంక్రమణమును గూర్చి ఇంగ్లీషుతోబాటు దేశభాషలలోను చిన్న పుస్తకములు అచ్చువేయించెను.

ఇప్పుడు ముల్లు సంగతి. దూరదర్శినికిని, భూకంపమాపకమునకును, పరిశోధకుని జీతమునకును ధనమిచ్చునది ప్రజలు. పరిశోధకుడు వ్యాసమును ప్రతిఫలము లేకయే పరదేశపు ప్రచురణకర్తకు ఇచ్చును. తోటి శాస్త్రజ్ఞుడు సాధారణముగా కాసు పుచ్చుకొనకయే దానిని పరీక్షించును. అటుపై ఆ వ్యాసమునే మనము చందా కట్టి కొనుచున్నాము. అందఱును ఉచితముగా చదువవలెనన్నచో కొన్ని పత్రికలకు రచయితయే వేల డాలర్లు చెల్లింపవలయును! ధాన్యము మనది, దంపు మనది, కొలగారము మాత్రము షావుకారుది.

సొంత పత్రికలు మనకు లేవా? భారత ఖగోళసంఘము 1972లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమందే పుట్టినది. మఱుసటి సంవత్సరమే దాని పత్రిక మొదలైనది. నాలుగు దశాబ్దములు నడచి, పిమ్మట అది బెంగుళూరి భారత విజ్ఞానపరిషత్తు వారి ఖగోళపత్రికలో లీనమైనది. ఆ పరిషత్తువారు తమ పత్రికలలోని వ్యాసములను తమ తావున ఎల్లరకును ఉచితముగా చదువనిచ్చుచున్నారు. ఈ పద్ధతి మాకు నచ్చినది. హైదరాబాదులోనే జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ ఆవరణలో భారత భూభౌతిక సంఘమున్నది. దానికిని పత్రిక కలదు. ఆ 6,000 కోట్లలో నూటికి ఐదు పాళ్లు, అనగా 300 కోట్లు, ఇట్టి పత్రికలకు పెట్టిన ఎంత పని జరుగును! మంచి సంపాదకులు, వేగముగ పరీక్ష, చక్కని అచ్చు కుదిరిననాడు మన పరిశోధకులు తమ మంచి వ్యాసమును ఇచ్చటనే ఇచ్చుటకు వెనుదీయరు. ఈనాడు వెనుదీయుచున్నారనిన తప్పు వారిది మాత్రమే కాదు. ఉద్యోగమును పదోన్నతియు పరదేశపు పత్రిక పేరు చూచియే ఇచ్చునప్పుడు వారేమి చేయుదురు?

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు అడవులలో 5.3 పరిమాణముగల భూకంపము వచ్చినది. హైదరాబాదువఱకు ఇండ్లు కదలినవి. 1969 ఏప్రిలులో భద్రాచలము వద్ద 5.7 వచ్చినదని పెద్దలు జ్ఞప్తికి తెచ్చుకొనిరి. గోదావరి లోయ పురాతన కాలమున చీలి క్రుంగిన నేల; సింగరేణి బొగ్గు ఆ చీలికలో నిండిన పొరలలోనిదే. దీనిని గూర్చి వ్యాసములు కొల్లలుగా గలవు. ములుగులోని బడిపంతులు వానిలో నొక్కటి చదువగోరిన ఈ చందాపథకము ఆయనకు అక్కఱకు రాదు. ప్రైవేటు కళాశాలలకును మొదటిదశలో చోటు లేదు.

చేయవలెనన్న చేయవచ్చునని చూపువారు హైదరాబాదులోనే యున్నారు. మహాసముద్ర సమాచార కేంద్రమువారు, ఉపగ్రహములు చూచిన సముద్రపు వేడిమినిబట్టి చేపలు చేరు తావులను లెక్కకట్టి, తెలుగుతో సహా తీరభాషలన్నిటను పల్లెకారులకు ఉచితముగా తెలుపుచున్నారు. బందరు రేవున పడవ త్రోయువానికి అందు విద్య ములుగు పంతులుకు ఏల అందరాదు? గోదావరి లోయను గూర్చి ప్రజాధనముతో వ్రాసిన ప్రతి వ్యాసమునకును ఒక పుట తెలుగు సంగ్రహము చేర్చుడని మన విశ్వవిద్యాలయములను కోరుచున్నాము. దీనికి కోట్లు అక్కఱలేదు.

చందా ఒడంబడిక గడువు 2027 డిసెంబరుతో తీరును. బేరము అంతకుముందే మొదలు కావలయును. ఆ సమయమున ఆ నూటికి ఐదు పాళ్ల మాట ఎత్తుటకు తెలుగునాటి ఉపాధ్యక్షులును పార్లమెంటు సభ్యులును ఇప్పటినుండియే కాగితములు సిద్ధము చేసికొందురుగాక.